మడత అంచు గీత మీదే ఉండాలి: ఐరిస్ ఫోల్డింగ్ కార్డులపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఐరిస్ ఫోల్డింగ్ గురించే. తెలియనివారి కోసం రెండు ముక్కలు: అట్టలో ఒక ఆకారాన్ని కిటికీలా కోసి, దాని వెనక మడిచిన కాగితం పట్టీలను కొద్దికొద్దిగా తిప్పుకుంటూ వరసగా అతికిస్తారు. ముందు నుంచి చూస్తే కెమెరా లెన్సు లోపల ముడుచుకునే రేకుల్లా సుడి కనిపిస్తుంది. కెమెరాలో ఆ భాగాన్ని ఐరిస్ అంటారు కాబట్టి పేరూ అదే. నెదర్లాండ్స్‌లో పుట్టిన పని ఇది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మొదటిసారి చేద్దామనుకుంటున్నాను. ఏమేం సిద్ధం చేసుకోవాలి? కాగితం ఎంత పడుతుంది?

చదరం కిటికీతో మొదలుపెట్టండి. గుండె, చెట్టు, సీతాకోకచిలుక తర్వాత చూసుకోవచ్చు.

220 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే కొలత) ఉన్న ఎ4 అట్ట ఒకటి చాలు. దాన్ని సగానికి కోస్తే రెండు ఎ5 ముక్కలు వస్తాయి. ఒకదాన్ని మధ్యకి మడిస్తే 105 × 148 మి.మీ. కార్డు తయారవుతుంది. సి6 కవరు కొలత 114 × 162 మి.మీ. కాబట్టి అందులో హాయిగా పడుతుంది. రెండో ముక్క నుంచి 95 × 138 మి.మీ. పలక ఒకటి కోసుకోండి. పనంతా ఈ పలక మీదే. నేరుగా కార్డు మీదే కిటికీ కోసేస్తే తెరిచినప్పుడు లోపలి టేపులన్నీ బయటపడతాయి. అప్పుడు వాటిని దాచడానికి ఇంకో కాగితం అతికించాలి. పలక విడిగా ఉంటే ఆ బాధ లేదు. పైగా పని చెడితే పోయేది పలక ఒక్కటే, కార్డు కాదు.

పట్టీలకు 60 నుంచి 90 జీఎస్ఎం కాగితం నాలుగు రంగుల్లో కావాలి. ఇవికాక నడిమికి మెరుపు కాగితం ముక్క, సన్నని సెల్లో టేపు, నమూనాను (పట్టీలు ఎక్కడ పెట్టాలో చూపే గీతల కాగితాన్ని) బల్లకు అంటించడానికి మాస్కింగ్ టేపు, డబుల్ సైడ్ టేపు, కొత్త బ్లేడు వేసిన కట్టరు, స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్. మడత నొక్కడానికి ఎముక పుల్ల ఉంటే మంచిదే, లేకపోతే చెంచా వెనకభాగం సరిపోతుంది.

ఇక కాగితం లెక్క. నాలుగు వైపులా ఒక్కో పట్టీ పెడితే ఒక చుట్టు. 7 సెం.మీ. చదరం కిటికీకి 8 చుట్లు వేస్తే మొత్తం 32 పట్టీలు, అంటే రంగుకు 8. బయటి చుట్టుకు 9 సెం.మీ. పొడవు కావాలి, ఆ తర్వాత ఒక్కో చుట్టుకు అర సెంటీమీటరు తగ్గించుకుంటూ పోతే చివరి చుట్టుకు 5.5 సెం.మీ. వస్తుంది. 15 సెం.మీ. ఒరిగామి కాగితం నుంచి 2 సెం.మీ. వెడల్పు పట్టీలు కోసి, ఒక్కోదాన్ని 9 + 5.5, 8.5 + 6, 8 + 6.5, 7.5 + 7 చొప్పున రెండు ముక్కలు చేయండి. నాలుగు పట్టీలకే ఒక రంగు పూర్తవుతుంది, కాగితంలో దాదాపు సగం మిగులుతుంది. పెద్ద షీట్లు కొనాల్సిన పని లేదు.

ప్రశ్న: నమూనాలు అచ్చు వేసుకునే వీలు లేదు. చేత్తో గీసుకోవచ్చా?

గీసుకోవచ్చు, గీసుకోవడమే మేలు కూడా. ఒకసారి చేత్తో గీస్తే సుడి ఎలా తిరుగుతుందో బోధపడుతుంది. స్కేలు, మూలమట్టం, సన్నగా చెక్కిన పెన్సిలు ఉంటే చాలు.

తెల్ల కాగితం మీద 70 మి.మీ. చదరం గీయండి. ఒక మూల నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్తూ, ప్రతి భుజం మీద ఆ భుజం మొదలయ్యే మూల నుంచి 5 మి.మీ. దగ్గర చుక్క పెట్టండి. నాలుగు చుక్కలనూ కలిపితే కొంచెం తిరిగిన చిన్న చదరం వస్తుంది. దాని భుజం 65 మి.మీ.కి రవ్వంత ఎక్కువ. ఇప్పుడు ఆ కొత్త చదరం మీద మళ్లీ అదే పని: ప్రతి భుజం మీద 5 మి.మీ. చుక్క, కలపడం. ఇలా ఎనిమిదిసార్లు చేస్తే భుజం 65, 60, 56, 51, 46, 41, 37, 32 మి.మీ.లుగా తగ్గుతూ పోతుంది. నడుమ మిగిలే 32 మి.మీ. చదరమే కన్ను. కన్ను చిన్నగా కావాలంటే ఇంకో రెండు చుట్లు గీయండి, 23 మి.మీ.కి వస్తుంది. అప్పుడు పట్టీలు 40.

పట్టీలు తక్కువ కావాలంటే మూల నుంచి చుక్కకు ఎడం 5 బదులు 7 మి.మీ. పెట్టి ఏడు చుట్లు గీయండి. 28 పట్టీలకే కన్ను 25 మి.మీ. అవుతుంది, సుడి కూడా ఇంకా బలంగా తిరుగుతుంది. అయితే పట్టీని 3 సెం.మీ. వెడల్పున కోసుకోవాలి.

ఒక్క చుక్క ఎదురు దిశలో పడినా ఆ చుట్టు నుంచి సుడి చెదిరిపోతుంది. అందుకే చుట్టు పూర్తయిన ప్రతిసారీ భుజాలు నాలుగూ సమానంగా వచ్చాయో లేదో స్కేలుతో చూసుకోండి. బయటి చదరానికి అంకె వద్దు, అది కిటికీ అంచు. దాని లోపలి మొదటి చదరం గీతలకు 1, 2, 3, 4, తర్వాతి చదరానికి 5, 6, 7, 8, ఇలా 32 దాకా అంకెలు వేసి, పక్కన రంగు గుర్తు రాసుకోండి. గీతలన్నీ పెన్నుతో దిద్దితే పని చేసేటప్పుడు కళ్లు లాగవు.

ప్రశ్న: పట్టీలు పెట్టే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా చెబుతారా? మడత లోపలికా, బయటికా అనే దగ్గరే ఆగిపోతున్నాను.

మడత ఎప్పుడూ నడిమి వైపు. ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే.

పలక వెనకవైపు కిటికీ కొలతలు గీసి కోయండి. బ్లేడు మొనను మూలలో గుచ్చి అక్కడి నుంచి బయటికి లాగాలి. మూల దాకా లాక్కొచ్చి ఆపితే కోత గీత దాటి పోతుంది, ముందువైపు ఆ గాటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్క లాగుకే తెగాలని అదమకండి, తేలిగ్గా రెండు మూడుసార్లు లాగండి.

నమూనాను మ్యాట్ మీద నాలుగు మూలలా మాస్కింగ్ టేపుతో కదలకుండా అంటించండి. దాని మీద పలకను బోర్లా, అంటే అందమైన ముఖం కిందికి ఉండేలా, కిటికీ అంచు నమూనా బయటి చదరంతో కలిసేలా పెట్టండి. పలకను పైఅంచున మాత్రమే మాస్కింగ్ టేపుతో పట్టండి. అప్పుడు మధ్యమధ్యలో తలుపులా ఎత్తి ముందువైపు ఎలా వస్తుందో చూసుకోవచ్చు.

పట్టీలను రంగు వైపు బయటికి ఉండేలా పొడవునా సగానికి మడిచి గట్టిగా నొక్కండి. 2 సెం.మీ. పట్టీ 1 సెం.మీ. అవుతుంది. మొదటి పట్టీ మడత అంచును 1వ గీత మీద సరిగ్గా పెట్టండి. తెగిన అంచులు రెండూ బయటివైపు, అట్ట మీదికి వెళ్లాలి. పట్టీ రెండు చివరలూ కిటికీ దాటి అట్ట మీద కనీసం 8 మి.మీ. ఆనాలి. అక్కడ చిన్న టేపు ముక్కలు వేయండి. తర్వాత 2వ గీత మీద రెండో రంగు, 3 మీద మూడోది, 4 మీద నాలుగోది. 5వ గీతకు మళ్లీ మొదటి రంగు. రెండో చుట్టు నుంచి టేపు అట్ట మీద కాకుండా వెనకటి పట్టీల మీద పడుతుంది, అది మామూలే. మొదటి చుట్టు పట్టీల చివరలు పలక దాటి పొడుచుకొస్తే, పలక అంచు నుంచి 4 మి.మీ. లోపలికి ఉండేలా కత్తిరించేయండి.

పని నడుస్తున్నంతసేపూ పై నుంచి చూస్తే టేపులూ, తెగిన అంచులూ గజిబిజిగా కనిపిస్తాయి. అది చూసి మధ్యలో వదిలేసేవాళ్లు చాలామంది. ముందు నుంచి చూసేవాళ్లకు కనిపించేది మడత అంచులు మాత్రమే. మొదట పెట్టిన పట్టీ అందరికంటే ముందుంటుంది, చివరిది అట్టడుగున ఉంటుంది.

32 పట్టీలూ అయ్యాక మెరుపు కాగితాన్ని కన్ను కంటే అన్ని వైపులా 1 సెం.మీ. పెద్దగా కోసి, మెరుపు కిందికి ఉండేలా బోర్లా పెట్టి నాలుగు అంచులా టేపు వేయండి. పలకను ఎత్తి తిప్పి చూడండి.

ప్రశ్న: కార్డు తిప్పి చూసేసరికి అక్కడక్కడా సందులు కనిపిస్తున్నాయి. ఎక్కడ పొరపాటు?

సందు ఏ ఆకారంలో ఉందో చూస్తే కారణం తెలిసిపోతుంది.

కిటికీ మూలలో చిన్న త్రికోణం ఖాళీగా ఉంటే పట్టీ వెడల్పు చాల్లేదు. 5 మి.మీ. ఎడానికి మడిచిన పట్టీ కనీసం 10 మి.మీ. ఉండాలన్నది అందుకే: మూల దగ్గర 5 మి.మీ. ఖాళీని కప్పాక, పట్టు కోసం ఇంకో 5 మిగలాలి. ఎడానికి రెట్టింపు వెడల్పు అని లెక్క పెట్టుకోండి, ఏ నమూనాకైనా పనికొస్తుంది.

పట్టీ చివర సూదిలా సన్నని ఖాళీ ఉంటే పొడవు తక్కువైంది. ఒకే వైపు అన్ని చుట్లలోనూ మెట్లు (ముందు నుంచి కనిపించే పట్టీల అంచులు) సన్నగా, ఎదుటి వైపు లావుగా ఉంటే పలక నమూనా మీద కొద్దికొద్దిగా జరుగుతూ పోయింది. ఒక్కచోట మాత్రం మెట్టు మిగతావాటికి రెట్టింపు వెడల్పు ఉంటే అంకె ఒకటి దాటేశారు.

నమూనా మీద పని ముగించిన గీతను వెంటనే పెన్సిలుతో కొట్టేస్తూ పోలేం, అది పట్టీ కింద ఉండిపోతుంది. దానికి బదులు ఒక చుట్టుకు కావలసిన నాలుగు పట్టీలను వరసగా ముందు పెట్టుకోండి. నాలుగూ అయిపోతేనే తర్వాతి నాలుగు తీయండి. మరిచిపోయే ప్రసక్తే ఉండదు.

సందు ఆ చుట్టులోనే కంటపడితే టేపు ఊడదీసి సరిచేయండి. అంతా అయిపోయాక కనిపిస్తే విప్పడం మొదలుపెట్టకండి, సెల్లో టేపు కాగితాన్ని చీల్చుకుంటూ వస్తుంది. వెనక నుంచి అదే రంగు కాగితం ముక్క అతికిస్తే చిన్న సందులు ఎవరి కంటా పడవు. దాటేసిన పట్టీకి మాత్రం ఈ మందు పని చేయదు.

ప్రశ్న: ఇంగ్లిష్ అక్షరం జె కిటికీగా కోసి చేశాను. అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది.

వెనక నుంచి పని చేస్తున్నాం కదండీ, కుడి ఎడమలు మారిపోతాయి. అక్షరాలు, అంకెలు, ఒకవైపుకు చూసే పిట్ట, పడవ లాంటి వాటిని నమూనా మీద తిరగేసి గీయాలి. పల్చటి కాగితం మీద మామూలుగా గీసి, కాగితం తిప్పి, వెనక నుంచి కనిపించే గీతల మీద దిద్దేయండి. కిటికీ కూడా పలక వెనకవైపు ఆ తిరగేసిన గీత ప్రకారమే కోయాలి. చదరానికీ వృత్తానికీ ఈ గొడవ లేదు, సుడి తిరిగే దిశ మాత్రమే మారుతుంది.

ప్రశ్న: బహుమతులకు చుట్టే కాగితం వాడితే మడత నిలవడం లేదు, లేచిపోతోంది. మెరుపు కాగితమైతే మడత దగ్గర తెల్లగా పగులుతోంది.

ఇవి రెండూ వేర్వేరు జబ్బులు. ప్లాస్టిక్ పొర ఉన్న కాగితం స్ప్రింగులా వెనక్కి తెరుచుకుంటుంది. మడత లోపల గమ్ స్టిక్ సన్నగా రాసి మూసేసి, బరువైన పుస్తకం కింద 10 నిమిషాలు ఉంచండి. నీళ్లలా ఉండే జిగురు మాత్రం వద్దు, పల్చటి కాగితం అలల్లా ముడతలు పడుతుంది.

పగిలే కాగితం మందంగానైనా ఉండి ఉంటుంది, నారకు అడ్డంగానైనా మడిచి ఉంటారు. మిల్లులో తయారైన ప్రతి కాగితానికీ ఒక నార దిశ ఉంటుంది. షీటును మడత పడకుండా ఒకసారి పొడవునా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగుతుందో మడత ఆ వంపు వెంటే రావాలి, పట్టీలను ఆ దిశలోనే పొడవుగా కోయండి. కార్డు మడతకూ ఇదే నియమం. నార ప్రకారం మడిచినా పగులుతుంటే ఆ కాగితాన్ని నడిమి కన్నుకు వాడుకోండి, అక్కడ మడతతో పనే లేదు.

పాత కవర్ల లోపల ఉత్తరం పైకి కనిపించకుండా నీలం, బూడిద రంగుల్లో సన్నని డిజైన్లు అచ్చు వేసి ఉంటాయి చూడండి. ఆ కాగితం పల్చగా ఉంటుంది, చెప్పినట్టు మడత పడుతుంది, అచ్చు చిన్నది. ఈ పనికి అంతకంటే అచ్చొచ్చిన కాగితం లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: నాలుగు అందమైన డిజైన్ కాగితాలు ఎంచుకున్నా, చివరికి అంతా కలగాపులగంగా కనిపిస్తోంది.

నాలుగూ అందమైనవి కావడమే చిక్కు. ముందు నుంచి కనిపించేది ఒక్కో పట్టీలో 5 మి.మీ. లోపే, అదీ కొన వైపుకు సన్నబడుతూ. అంత ఇరుకులో పెద్ద పూల డిజైను పువ్వులా కనిపించదు, మరకలా కనిపిస్తుంది. పైగా సుడిని చూపించేది పక్కపక్క రంగుల మధ్య తేడా. అన్నీ ఒకే ముదురులో ఉంటే రంగులు వేరైనా సుడి తేలదు.

రెండు సాదా కాగితాలు, రెండు చిన్న చుక్కలవో సన్నగీతలవో తీసుకోండి. ముదురు పక్కన లేత వచ్చేలా 1, 2, 3, 4 వరస పెట్టండి. సరిపోయాయా లేదా అన్న అనుమానం ఉంటే పట్టీలను మడిచి, 5 మి.మీ. మాత్రమే కనిపించేలా మెట్లుగా పేర్చి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఫొటోలో మెట్లు విడివిడిగా కనిపిస్తే సరే. కలిసిపోతే ఒక కాగితం మార్చాలి. ఒకే రంగులో నాలుగు ఛాయలు తీసుకుంటే దాదాపు ఎప్పుడూ బాగుంటుంది, సాహసం తక్కువ అనుకోండి.

ప్రశ్న: గుండ్రం, గుండె ఆకారాలకు పట్టీలు ఎలా సరిపోతాయి? గీతలన్నీ తిన్ననివే కదా?

కిటికీ ఏ ఆకారమైనా సుడి మాత్రం ఎక్కువగా త్రికోణమో చదరమో అయి ఉంటుంది. ముందు కిటికీ ఆకారం గీసి, దాన్ని పూర్తిగా లోపల ఇముడ్చుకునే చదరం లేదా త్రికోణం బయట గీసి, అక్కడి నుంచి చుట్లు మొదలుపెట్టాలి.

70 మి.మీ. వృత్తానికి చుట్టూ 70 మి.మీ. చదరం గీసి, పైన చెప్పిన 5 మి.మీ. పద్ధతే పాటించండి. మొదటి చుట్టు పట్టీలు వృత్తంలో సన్నని నెలవంక ముక్కల్లా మాత్రమే కనిపిస్తాయి. ఐదో చుట్టుకు గానీ చదరం మూలలు పూర్తిగా వృత్తం లోపలికి రావు. అప్పటిదాకా ఆకారం తేలలేదని కంగారు పడకండి.

గుండెకు తలకిందుల త్రికోణం బాగా కుదురుతుంది: కొన కిందికి, భుజం పైకి. మూడే రంగులు. సమభుజ త్రికోణంలో 5 మి.మీ. చుక్కలు పెట్టినా భుజం ఒక్కో చుట్టుకు 7 మి.మీ. పైనే తగ్గుతుంది, అందుకే త్వరగా పూర్తవుతుంది. 80 మి.మీ. భుజంతో మొదలుపెడితే ఆరు చుట్లకు, అంటే 18 పట్టీలకు, కన్ను భుజం 36 మి.మీ.కి వస్తుంది. పై భుజం పట్టీలు ముందు గుండె రెండు బుగ్గల్లో విడివిడిగా కనిపించి, పైన ఆ రెంటి మధ్య ఉండే నొక్కు దాటాక కలుస్తాయి. కన్ను ఆ నొక్కుకు కొంచెం కింద పడేలా చూసుకోండి. నొక్కునే తాకితే గుండె రెండుగా చీలినట్టుంటుంది. కిటికీలో అసలు కనిపించని పట్టీలు ఏవైనా ఉంటే వాటిని పెట్టకుండా వదిలేయవచ్చు.

నొక్కు దగ్గర కోయడమే కష్టం. అక్కడి నుంచే బ్లేడు మొదలుపెట్టి రెండు వైపులా విడివిడిగా కిందికి లాగండి. వంపుల దగ్గర చెయ్యి కదపకుండా అట్టను తిప్పండి.

ప్రశ్న: పలకను ఎత్తేటప్పుడు నమూనా కూడా చిరిగి వస్తోంది.

టేపు కిటికీ ఖాళీలోకి జరిగి నమూనాకు అంటుకుంటోంది. టేపు ముక్క 1 సెం.మీ. మించకుండా, పట్టీ చివరనే, మడత అంచు దాటకుండా వేయండి. నమూనా మీద పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి పని చేస్తే పొరపాటున అంటుకున్నా సులువుగా లేస్తుంది, అదే నమూనా ఎన్ని కార్డులకైనా వస్తుంది.

ప్రశ్న: పలకను కార్డుకు అతికించాక మధ్యలో ఉబ్బుతోంది, అంచులు లేస్తున్నాయి.

వెనక పొరల మందం సమంగా ఉండదు. పట్టీల కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట్ల ఎత్తు ఎక్కువ, అట్ట అంచున ఏమీ లేదు. అంచులకు మాత్రమే డబుల్ సైడ్ టేపు వేసి నొక్కితే మధ్య భాగం తన్నుతుంది. అంచుల వెంట 1 మి.మీ. మందం ఫోమ్ టేపు వేయండి, పలక మొత్తం ఒకే ఎత్తులో నిలబడుతుంది. ఇంకా ఉబ్బుతుంటే ఫోమ్ టేపు ఒకదాని మీద ఒకటి రెండు పొరలు వేయడం కంటే పట్టీల కాగితం పల్చనిది ఎంచుకోవడం మంచిది. రెండు పొరలు వేస్తే కార్డు కవరులో ఇరుక్కుంటుంది. పట్టీలను సరిగ్గా సగానికి కాకుండా 7 మి.మీ. మాత్రమే లోపలికి మడిచి, రెండో అంచు 13 మి.మీ. వదిలినా మందం కొంత తగ్గుతుంది, తెగిన అంచులు ఒకేచోట పడవు.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పిల్లలతో చేయించవచ్చా?

కిటికీ పెద్దవాళ్లే కోసి ఇవ్వాలి. మిగతాది పిల్లలు చేయగలరు. 9 సెం.మీ. చదరం కిటికీ, 10 మి.మీ. ఎడం, ఐదు చుట్లు, 4 సెం.మీ. వెడల్పు పట్టీలు పెట్టండి. 20 పట్టీలతో పని అయిపోతుంది. నడుమ 44 మి.మీ. కన్ను మిగులుతుంది, వాళ్లు గీసిన చిన్న బొమ్మ అక్కడ అతికించుకోవచ్చు. ఈ కిటికీకి ఎ6 పలక చాలదు, ఎ4 షీటును మధ్యకి మడిచిన ఎ5 కార్డు, దానికి తగ్గ పలక తీసుకోండి. సి5 కవరు సరిపోతుంది.